సేవకురాలంటే పనిమనిషి కాదండీ

జస్టీనా ఎన్స్ బండి నడపడం ఒక్కసారి చూస్తే చాలు, ఆమెకు దేవుడి మీద ఎంత నమ్మకమో తెలిసిపోతుంది. నమ్మకం లేని మనిషెవరూ అంత మంచులో, అంత వేగంతో, ఒక చేత్తో అద్దం తుడుచుకుంటూ, గొంతెత్తి పాట పాడుకుంటూ పోలేరు. కెనడాలో ఉన్న మా ఊరు బిర్కెన్‌థాల్ చుట్టుపక్కల నేలంతా చదును. గుట్టల్లేవు, మలుపుల్లేవు, కునుకు తీస్తూ నడిపినా పక్క ఊరు చేరొచ్చు. అలాంటి రోడ్డు మీద ప్రతి చలికాలం పక్కనున్న కాలవలో పడటమంటే మాటలా? దానికి ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. జస్టీనాకి అది పుష్కలంగా ఉంది.

పడ్డప్పుడల్లా బయటికి లాగింది డీట్రిచ్ లోవెన్ ట్రాక్టరు. ఆ కాలవ పక్క పొలం అతనిది. చర్చి కప్పుకి ఏ రంగు వెయ్యాలన్న గొడవలో అలిగి, మా మెన్నొనైట్ క్రైస్తవ సంఘం గడప తొక్కడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒకసారి తాడు కడుతూ విసుక్కున్నాడట.

"మళ్ళీ నువ్వేనా తల్లీ?"

"మళ్ళీ నేనే. నువ్వు చర్చికి రానంటివి. అందుకని నేనే నీ కాలవలోకి వస్తున్నా," అందట జస్టీనా, తల మీద మంచు దులుపుకుంటూ.

ఆ లాగడంలో తాడు తెగింది. తర్వాతి ఆదివారం డీట్రిచ్ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఏంటయ్యా ఇలా వచ్చావంటే, కొత్త తాడు ఇప్పించుకోవడానికి వచ్చానన్నాడు. ఆ తాడు ఆమె ఇంకా ఇవ్వలేదు కాబోలు, ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాడు.

నా పేరు గ్రేటా గీస్‌బ్రెక్ట్. చర్చి కింది అంతస్తులో ఉన్న వంటిల్లు నా రాజ్యం. పెళ్ళికైనా చావుకైనా కాఫీ ఎంత కాయాలో, రొట్టెలు ఎన్ని కాల్చాలో చెప్పేది నేనే. జస్టీనా, నేను బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. ఆమె కథ చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా ఆగే అలవాటు నాకు లేదు.

వాళ్ళ నాన్న మా చర్చిలో పాట ఎత్తుకునేవాడు. వాయిద్యాల్లేకుండా నాలుగు గొంతుల్లో పాడే సంఘం మాది. అలాంటి ఇంట్లో పుట్టి, ఈ పిల్లకి మాత్రం ఈల వెయ్యడం ఇష్టం. ఆడపిల్ల ఈల వేస్తే ఊరంతా చెవులు మూసుకునే రోజులవి. పెద్దయ్యాక పరాగ్వేలో మావాళ్ళు స్థిరపడ్డ పల్లెలకి బడిపంతులమ్మగా వెళ్ళింది. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చినప్పుడు రెండు తెచ్చుకుంది. ఒకటి, ఆవు కొమ్ముతో చేసిన గ్లాసు. అందులో ఏదో ఆకు వేసి, చల్లటి నీళ్ళు పోసి, గొట్టంతో పీలుస్తుంది. రెండోది నవ్వు. ఆ నవ్వు పై అంతస్తులో మొదలైతే కింద వంటింట్లో నా గరిటెలు కదులుతాయి.

వచ్చాక పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో వంట చేసేది. అప్పుడే మా సంఘ కాపరి కుటుంబంతో ఆల్బర్టా వెళ్ళిపోయాడు. కొత్తవాళ్ళ కోసం ఎంత వెతికినా ఇంత చిన్న ఊరికి ఎవరు వస్తారు? సంఘంలో మగవాళ్ళు కూర్చునే సోదరుల సభలో చివరికి ఒక మాట అనుకున్నారు. "ఎవరైనా దొరికేదాకా జస్టీనా చూసుకుంటుందిలే." చర్చి పక్కన ఉన్న తెల్ల చెక్క ఇల్లు, కాపరి ఇల్లు, ఆమెకిచ్చారు. దొరికేదాకా అన్నది పదేళ్ళు దాటింది. నిజం చెప్పాలంటే వెతకడం కూడా మానేశారు.

ఆదివారం ఆమె చెప్పేదాన్ని ప్రసంగం అనకూడదు. "ఇప్పుడు జస్టీనా కొన్ని మాటలు చెబుతుంది," అని ప్రకటిస్తారు. ఆ కొన్ని మాటలు విని జనం కళ్ళు తుడుచుకుంటారు, నవ్వుతారు, సోమవారం పొలంలో కూడా వాటి గురించే మాట్లాడుకుంటారు. అయినా ప్రసంగం మాత్రం కాదు. బాప్తిస్మం ఇవ్వడానికి పక్క ఊరి బోధకుడు వస్తాడు. ఆ పిల్లలకి ఏడాది పొడుగునా వాక్యం నేర్పింది జస్టీనా. ఆయన వచ్చి నీళ్ళు చల్లి, భోంచేసి వెళ్తాడు. నా నూడుల్స్ మాత్రం రెండోసారి అడిగి మరీ తింటాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. మా సంఘంలో రెవరెండు, ఫాదరు లాంటి పిలుపులు లేవు. ఫాదర్లు వేసుకునే అంగీలూ లేవు. తాతల నాటి జర్మన్ మాటల్లో కాపరినైనా బోధకుణ్ణైనా వాక్య సేవకుడు అంటాం. అంతే. జస్టీనాని ఏమని రాయాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు సోదరుల సభలో పెద్ద వాదన జరిగింది. పక్కగదిలో కాఫీ కాస్తూ నేను అంతా విన్నాను. తలుపు కొంచెం తీసే ఉంచాను మరి.

అబ్రమ్ సావట్స్కీ లేచాడు. మాకందరికీ ఆయన అబ్రమ్ బాబాయ్. తన కాలంలో నలభై ఏళ్ళు వాక్య సేవకుడిగా చేసిన మనిషి. ఎనభై దాటినా వెన్ను వంగలేదు, మెడ అంతకంటే వంగలేదు.

"ఇల్లివ్వండి. జీతమివ్వండి. గౌరవమివ్వండి. సేవకురాలు అని రాయండి, నేనేం కాదనను. ముందు వాక్య అన్న మాట మాత్రం తగిలించొద్దు. ఆ పని దేవుడు మగాళ్ళకిచ్చాడు," అన్నాడు.

"యేసు లేచాడని ఖాళీ సమాధి దగ్గర్నుంచి మొదటి కబురు మోసుకొచ్చింది మగాళ్ళో ఆడాళ్ళో బాబాయ్‌ని అడగండర్రా," అన్నాను నేను తలుపు సందులోంచి.

"గ్రేటా, కాఫీ పొంగుతోంది చూసుకో," అన్నాడు ఆయన.

నిజంగానే పొంగుతోంది. ఆ విధంగా వాక్య పోయింది, సేవకురాలు మిగిలింది. అలాగని అబ్రమ్ బాబాయ్ చెడ్డవాడనుకోకండి. చలి మొదలవక ముందే వచ్చి జస్టీనా కిటికీలకి రెండో అద్దాలు బిగించేది ఆయనే. బస్తా బంగాళాదుంపలు గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయేదీ ఆయనే. ఆ ఒక్క మాట తప్ప అన్నీ ఇచ్చాడు.

మా దేశంలో ఒక పద్ధతుంది. సంఘం తన మనిషికి ఉండటానికి ఇల్లిస్తే, ఆ ఇంటికి అద్దె ఎంత వస్తుందో అంతా జీతం కిందే లెక్కేసి పన్ను కట్టమంటారు. కానీ ఆ మనిషి సంఘ కాపరి అయితే ఆ అద్దెను మళ్ళీ ఆదాయంలోంచి మినహాయిస్తారు. ఆ రూలు రాసినవాళ్ళెవరో గానీ కాపరి ఇంటి గుట్టు తెలిసినవాళ్ళే. ఆ ఇంటి తలుపు ఏ వేళకైనా ఎవరైనా కొడతారు. ఉండేవాళ్ళకి ఆ ఇంట్లో తమదంటూ మిగిలేది మంచం ఒక్కటే.

సంఘం కాగితాలు రాసేది మా మరిది పీటర్. నెమ్మదస్తుడు, నిజాయితీపరుడు, తుమ్మాలన్నా ఒకసారి ఆలోచిస్తాడు. పాత పుస్తకంలో ఏముందో అదే ఇంగ్లీషులోకి దించాడు. హోదా దగ్గర సేవకురాలు, అంటే సర్వెంటు, అని రాశాడు. నివాసం దగ్గర సంఘం ఇల్లు అని రాశాడు. చేసే పని దగ్గర ఆలోచించి ఆలోచించి, ఏ పని అవసరమైతే ఆ పని, అని రాశాడు. ఏటా అలాగే రాశాడు. ఏటా మినహాయింపు ఇచ్చారు. ఆ సంవత్సరం మాత్రం ఎవరో ఆ కాగితాన్ని తీరిగ్గా చదివారు.

పీటర్ మా వంటింట్లోకి వచ్చి టోపీ తియ్యకుండానే కూలబడ్డాడు.

"వదినా, కొంప మునిగింది. మనం జస్టీనాని పనిమనిషిని చేసేశాం."

"మనం అనకు. ఏం చేశావో చెప్పు."

"ఇంటి పనివాళ్ళకి కాపరుల మినహాయింపు రాదంట. ఇప్పటిదాకా మినహాయించిందంతా తిరిగి కట్టాలంట."

"పనివాళ్ళేంట్రా?"

"సేవకురాలు, ఇంట్లో ఉంటుంది, ఏ పని చెప్తే అది చేస్తుంది... చదివినవాళ్ళు ఇంకేమనుకుంటారు వదినా?" అన్నాడు పాపం, కళ్ళు తేలేసి.

నాకు నవ్వాగలేదు. పీటర్ కూడా నవ్వాడు. తర్వాత ఇద్దరం ఒకేసారి ఆపేశాం. జస్టీనా జీతం ఎంతో మాకు తెలుసు, ఇచ్చేది మేమే కదా. ఆ పన్ను కట్టే శక్తి ఆమెకి లేదు. వానల్లేక ఆ ఏడు పంట సగమే వచ్చింది, సంఘానికీ ఆ శక్తి లేదు. విన్నిపెగ్‌లో ఆమె తమ్ముడు ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు, గది సిద్ధంగా ఉంది, అక్కడి ఆశ్రమంలో వంటపని కూడా ఉంది రమ్మని. మినహాయింపు పోతే ఆమె పోతుంది. ఆమె పోతే మా చర్చికి తాళమే.

పన్నుల ఆఫీసు వాళ్ళని తప్పు పట్టలేం. వాళ్ళు మర్యాదగా ఆమెకి ఫోన్ చేసి అడిగారు. మీరు ఆ సంఘానికి కాపరా అండీ అని. అవునంటే అక్కడితో సగం గొడవ తీరేది. మా జస్టీనా ఏమందో తెలుసా?

"అబ్బే, అంత పెద్ద మాటలెందుకండీ. నేనేదో కాస్త సాయం చేస్తుంటాను, ఆదివారం మైకులో రెండు మాటలు చెబుతుంటానంతే."

ఆ సంగతి విని వాళ్ళింటికి పరిగెత్తాను. "నీకేమైనా మతిపోయిందా? అవునంటే నీ సొమ్మేం పోయేది?"

"ఎలా అంటానే? నేనే కాపరిని అని నా గురించి నేనే చెప్పుకోవాలా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెంప పగలగొడుతుంది."

ఆమెను తిట్టి లాభం లేదు, మా జాతే అంత. మా వాళ్ళలో తనను తాను పొగుడుకోవడం కంటే పెద్ద తప్పు లేదు. ఎవరైనా వచ్చి నా రొట్టెలు బంగారంలా ఉన్నాయంటే నేను కూడా, లేదండీ, కాస్త మాడాయి, అనే అంటాను. అవి మాడలేదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. కొత్తగా వచ్చిన కోడలు ఒకామె థాంక్యూ అని ఊరుకుంటే నెల్లాళ్ళు చెప్పుకున్నాం.

జస్టీనా నవ్వుతూనే ఉంది గానీ, గోడకున్న పటాలు అప్పటికే దింపి గుడ్డలో చుట్టింది. కిటికీలోని పూల కుండీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరైతే బతుకుతుంది," అంది. ఆ కుండీ పట్టుకుని రోడ్డు మీద నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియక ఆ రోజు పిండిని బల్లకేసి బాదాను.

ఇంతలో ఒక మంచి జరిగింది. ఆ ఆఫీసులో ఈ ఫైలు చూసే ఆవిడకి అనుమానం వచ్చింది. పనిమనిషికి ఇల్లంతా ఇచ్చి, ఆదివారం మైకు కూడా ఇస్తారా అని. మా వైపు ఇంకేదో పని మీద వస్తున్నానని, దారిలో ఆగి మాట్లాడతానని కబురు పెట్టింది.

ఆవిడ పేరు ఒడీల్ కరియేర్. విన్నిపెగ్‌లో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళ పేటలో పుట్టిన కాథలిక్కు. సన్నగా, చక్కగా దువ్విన తెల్లజుట్టుతో, వినే మనిషిలా కనిపించింది. వచ్చింది గురువారమే అయినా మేము చర్చి వంటింట్లో ఆదివారపు విందంతా బల్ల మీద పరిచేశాం. పెద్ద రొట్టె నెత్తిన చిన్న రొట్టె కూర్చోబెట్టి కాల్చే మా జంట రొట్టెలు, వెన్న, ప్లమ్ పండ్ల జామ్, జున్ను, కాఫీ. పిలిచింది పీటర్‌నీ, పెద్ద దిక్కుగా అబ్రమ్ బాబాయ్‌నీ, జస్టీనానీ. వచ్చింది మాత్రం సగం ఊరు. గిన్నెలు తుడవడానికి అంతమంది ఆడవాళ్ళు కావాలా అని అడక్కండి. ఆ రోజు కావాలి.

"నేను ఎవర్నీ ఇబ్బంది పెట్టడానికి రాలేదండీ," అంది ఒడీల్ గారు. "నాకు తెలియాల్సింది ఒక్కటే. ఈవిడ ఈ సంఘానికి కాపరా, లేకపోతే చర్చి ఇంటిని చూసుకునే పనిమనిషా?"

అబ్రమ్ బాబాయ్ కప్పు కింద పెట్టాడు. "ఏమన్నావమ్మా?"

"పనిమనిషి అని... కాగితంలో సేవకురాలు అని ఉంది కదండీ."

ఆయన లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఈయన ఇప్పుడు కాపరి కాదు అనేస్తాడు, అంతా అయిపోతుంది అనుకుని నేను తువ్వాలు గట్టిగా పట్టుకున్నాను.

"నలభై ఏళ్ళు ఈ సంఘంలో నేను సేవకుణ్ణి. నేనెవరి గిన్నెలు తోమానమ్మా?"

"తోమి ఉంటే బావుండేది," అన్నాను. ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఆయన వినిపించుకోలేదు.

"మా అయ్య సేవకుడు. మా తాత సేవకుడు. రష్యాలో జైల్లో పోయిన మా పెదనాన్న సేవకుడు. మీకు బిషప్పులున్నారు, కార్డినళ్ళున్నారు, ఇంకా పైన చాలామంది ఉన్నారు. మాకు ఇదొక్కటే మాట. ఇంతకంటే పెద్ద పదవి మా దగ్గర లేదు. దాన్ని పట్టుకుని పనిమనిషి అంటే ఎలాగమ్మా?"

"తెలియక అన్నానండీ, ఏమనుకోకండి," అంది ఆవిడ. "మరి సేవకుడంటే ఏం చేస్తారు?"

"వాక్యం చెప్తాడు. జబ్బుపడ్డవాళ్ళని చూస్తాడు. కొట్టుకునేవాళ్ళని కలుపుతాడు. పెళ్ళిచేసుకునేవాళ్ళకి బుద్ధి చెప్తాడు. పోయేవాళ్ళ పక్కన కూర్చుంటాడు."

"ఇప్పుడు మీ సంఘంలో ఇవన్నీ ఎవరు చేస్తున్నారండీ?"

అడిగింది మామూలుగానే. ఆవిడకి మా సభలో జరిగిన వాదన తెలియదు, వాక్య అన్న మాట తెగ్గొట్టిన సంగతీ తెలియదు. కానీ మా అందరికీ తెలుసు. వెనక నిలబడ్డ డీట్రిచ్ నోట్లో రొట్టె నమలడం ఆపేశాడు. జస్టీనా తల వంచుకుని బల్ల మీద పొడి ఏరుతోంది.

మేము దేని మీదా ప్రమాణం చెయ్యం. కోర్టులో కూడా చెయ్యం. మా అవునంటే అవును, కాదంటే కాదు. అందుకే మావాళ్ళు ఆ రెండు మాటలూ అనడానికి చాలాసేపు తీసుకుంటారు. అబ్రమ్ బాబాయ్ కూడా తీసుకున్నాడు.

"మా తీనా కన్నుమూసిన చలికాలం," అన్నాడు చివరికి. తీనా ఆయన భార్య. "నేను మంచం పక్కనే ఉన్నాను. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరి మంచాల పక్కనా కూర్చున్నవాణ్ణి. నా భార్య దగ్గరికొచ్చేసరికి ఒక్క మాట నోటికి రాలేదు. అది భయపడుతోందమ్మా. నేను చెయ్యి పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాను. ఈ అమ్మాయి వచ్చింది. బండి కాలవలో పడిందంట, నడుచుకుంటూ వచ్చింది. బూట్ల నిండా మంచు."

"ఏం చెప్పారు ఆవిడ?" అంది ఒడీల్ గారు మెల్లగా.

"పిన్నీ, నువ్వు రాత్రి పిండి కలిపి, గుడ్డ కప్పి పడుకుంటావు కదా. తెల్లారేసరికి పొంగుతుందా లేదా అని ఎప్పుడైనా మెలకువగా కూర్చున్నావా? ఇప్పుడూ అలాగే పడుకో... అని చెప్పింది. తీనా నవ్వింది. నవ్వి, నా చెయ్యి వదిలి, పడుకుంది."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. అందరూ తుడుచుకున్నారు, అన్ని తువ్వాళ్ళు ఉండటం ఎందుకో అప్పుడు తెలిసొచ్చింది.

"నలభై ఏళ్ళలో నేనంత మంచి వాక్యం ఒక్కటీ చెప్పలేదమ్మా. ఒరే పీటర్, రాసుకో. వాక్య సేవకురాలు. మాట సగం రాసి పరువు తీశావు, ఈసారి పూర్తిగా రాయి."

"నేను సగం రాశానా?" అని పీటర్ నోరు తెరవబోయాడు. నేను కాలు తొక్కాను. రాశాడు.

ఒడీల్ గారు కూడా ఆ మాట తన ఫైల్లో రాసుకుంది. తర్వాత జస్టీనా వైపు తిరిగింది. "సంఘం మాట విన్నాను. కానీ మీరు ఫోనులో కాదన్నారు. అది కూడా నా దగ్గర రాసి ఉంది. మీ నోటితో మీరు చెబితే గానీ నేను మార్చలేనండీ."

ఇక జస్టీనా మొహం చూడాలి. పరాగ్వే ఎండ కూడా ఆ మొహాన్ని అంత ఎర్రగా చేసి ఉండదు. పిల్లల్ని, ముసలివాళ్ళని, డీట్రిచ్ లాంటి మొండివాణ్ణి సైతం మాటలతో పడేసే మనిషి నసగడం మొదలుపెట్టింది.

"అంటే... అందరూ కలిసే చేస్తున్నాం... నేనొక్కదాన్నే అని కాదు..."

"జస్టీనా, కాస్త మాడాయని మాత్రం అన్నావంటే చూడు," అన్నాను.

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. జస్టీనా కూడా నవ్వింది, గరిటెలు కదిలే ఆ నవ్వే. ఆ నవ్వుతో ఆమెకు గొంతు వచ్చింది. లేచి, చేతులు గౌనుకి తుడుచుకుంది. ఒడీల్ గారి వైపు కాకుండా మా అందరి వైపు చూసింది.

"అవును. ఈ సంఘానికి నేనే కాపరిని."

ఎవరు ఎత్తుకున్నారో తెలియదు, వంటింట్లోనే పాట మొదలైంది. నాలుగు గొంతులూ కలిశాయి. మావాళ్ళకి సంతోషం చెప్పుకోవడం రాదు గానీ పాడటం వచ్చు. డీట్రిచ్ గొంతు లోతుగా, నేలమాళిగలోంచి వస్తున్నట్టు వినిపించింది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒడీల్ గారు రొట్టె చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

పాట అయ్యాక ఆవిడ ఫైలు మూసి, మినహాయింపుకి ఇక అడ్డేమీ లేదని, కట్టాల్సిందీ ఏమీ ఉండదని చెప్పింది. పైనుంచి కాగితం వస్తుందంది, అన్నట్టే కొన్నాళ్ళకి వచ్చింది కూడా. వెళ్ళేటప్పుడు ఒక సంచీ నిండా రొట్టెలు పెట్టాను. ఉద్యోగంలో ఉండి ఏమీ పుచ్చుకోకూడదండీ అంది. ఇక్కడ తిన్నది చాలదా, దారిలో తినేవి కూడా అతిథి భోజనంలో లెక్కే అన్నాను. ఒకటి మాత్రం తీసుకుంది. అది కూడా నేను చూడనట్టు నటించాక.

జనం వెళ్ళిపోయారు. జస్టీనా, నేను కప్పులు కడుగుతున్నాం. పటాలు మళ్ళీ ఏ గోడకి తగిలించాలా అని ఆమె, ఆ పూల కుండీ తిరిగి ఇవ్వనని నేను, వాదించుకుంటున్నాం. వెనక దగ్గు వినిపించింది. అబ్రమ్ బాబాయ్ టోపీ చేత్తో తిప్పుతూ నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, నీతో ఒక మాట."

"చెప్పండి బాబాయ్."

"నేను పోయినప్పుడు వాక్యం నువ్వే చెప్పాలి."

జస్టీనా చేతిలో కప్పు ఆగింది. మా సంఘంలో అంత్యక్రియల వాక్యం ఏ ఆడమనిషీ చెప్పలేదు. అది ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు.

"ఇప్పుడేం తొందర బాబాయ్? గుండ్రాయిలా ఉన్నారు."

"తొందరని కాదు. ముందే చెప్పకపోతే వీళ్ళు అలవాటు కొద్దీ పక్క ఊరాయన్ని పిలుస్తారు. ఆయన మొదలుపెడితే ఆపడు. మామూలప్పుడైతే మధ్యలో లేచి బయటికి పోతాను. ఆ రోజు అదీ కుదరదు కదా?"

నేను సింకు మీదకి వంగి నవ్వు ఆపుకున్నాను. జస్టీనా ఆపుకోలేదు. నవ్వుతుంటే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులకేమో సబ్బు.

"నవ్వడం కాదు. చెప్తావా, చెప్పవా?"

"చెప్తాను బాబాయ్. సంఘ కాపరిని కదా, చెప్పకపోతే ఎలా?"

ఆయన తలాడించి టోపీ పెట్టుకున్నాడు. "పొడుగ్గా చెప్పకు," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.